నేను కొలిస్తే పవర్ ఫ్యాక్టర్ 131 వచ్చిన తూటాలు మ్యాచ్‌లో 125 దాటలేదు. తేడా ఎక్కడ?

తెనాలోడు:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ఫోరంలో మీరు రాసేవి చదవడమే తప్ప నేను రాసింది లేదు. ఇప్పుడు పరువు పోయింది కాబట్టి ఇక మొహమాటం ఎందుకని రాస్తున్నా.

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. గరాజ్‌లో ఒక గోడకి మా ఆవిడ ఆవకాయ జాడీలు, ఎదురు గోడకి నా రీలోడింగ్ ప్రెస్. రేంజిలో ఏరుకొచ్చిన 9 ఎంఎం ఇత్తడి కేసులు కడిగి, అడుగున నిప్పు పుట్టించే పాత ప్రైమర్ పీకి, కొత్తది ఎక్కించి, పౌడర్ (తుపాకీ మందు) పోసి, పైన 124 గ్రెయిన్ల బరువున్న కోటెడ్ బుల్లెట్ కూర్చోబెట్టి, తూటాలు నేనే నింపుకుంటాను. యూఎస్‌పీఎస్‌ఏ అనే ఇక్కడి పిస్టల్ పోటీల సంఘం మ్యాచ్‌లలో, క్యారీ ఆప్టిక్స్ అనే డివిజన్‌లో ఆడతాను.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మ్యాచ్‌లో మరీ బలం తక్కువ తూటాలు వాడి, పిస్టల్ వెనక్కి తన్నే దెబ్బ తగ్గించుకోకుండా పవర్ ఫ్యాక్టర్ అని ఒక లెక్క ఉంది. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకి అడుగుల్లో, రెండూ గుణించి వెయ్యితో భాగిస్తారు. మా డివిజన్‌కి కనీసం 125 రావాలి. 124 గ్రెయిన్ల బుల్లెట్ అయితే 1009 అడుగుల వేగం ఉంటే గట్టెక్కినట్టే.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం నా క్రోనోగ్రాఫ్‌తో, అంటే బుల్లెట్ వేగం కొలిచే మెషీన్‌తో, కొలిచాను. రెండు కళ్ల (సెన్సర్ల) మధ్య 24 అంగుళాల దూరం ఉండే మామూలు ఆప్టికల్ రకం. పిస్టల్ మూతి నుంచి ఆరడుగుల దూరంలో పెట్టా, ఎందుకంటే ఆ రేంజిలో బల్ల ముందు అంతకన్నా జాగా ఇవ్వరు. ఐదు తూటాలు కాల్చా. సగటు 1056. స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు నుంచి అటూ ఇటూ ఎంత చెదిరాయన్న లెక్క, 7. కాబట్టి పవర్ ఫ్యాక్టర్ 130.9. ఆరు పాయింట్ల వెసులుబాటు ఉంది కదా అని పండగ చేసుకుని, అదే సెట్టింగు మీద రెండు వేల తూటాలు నింపి డబ్బాల్లో సర్దేశాను.

నవంబర్‌లో ఒక పెద్ద మ్యాచ్. హోటల్ బయట రాత్రంతా కారు డిక్కీలోనే తూటాలు. పొద్దున 5 డిగ్రీలు. అందరి తూటాల వేగం కొలిచే క్రోనో స్టేజి మా స్క్వాడ్‌కి (మా జట్టుకి) రెండోది పడింది. ఎనిమిది తూటాలు తీసుకుని, ఒకటి ఊడదీసి బుల్లెట్ తూచారు: 122.9. డబ్బా మీద 124 అని అచ్చేసి ఉంటే 122.9 ఏంటండీ అన్నా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మూడు కాల్చారు: 1004, 1019, 1011. ఫ్యాక్టర్ 124.29. గుండె జారింది. నిబంధన ప్రకారం ఇంకో మూడు: 998, 1013, 1007. ఆరింటిలో ఎక్కువ వచ్చిన మూడూ తీసుకుంటే 124.66.

మిగిలిన ఒక్క తూటాని ఏం చెయ్యాలో మనిష్టం. కాల్చమనొచ్చు, లేదా ఊడదీసి ఆ బుల్లెట్ బరువుతో లెక్క కట్టమనొచ్చు. ఊడదీయమన్నాను. 123.2 వచ్చింది. గుణిస్తే 124.97. దశాంశాలు వదిలేస్తారు కాబట్టి అది 124. కావాలంటే ఆడుకో, స్కోరు మాత్రం ఉండదు అన్నారు. ఎంట్రీ ఫీజు, హోటలు, రెండు రోజుల సెలవు అన్నీ బూడిదలో పోసిన పన్నీరే. మిగతా స్టేజిలు ఆడాను, కానీ పెళ్లి అయిపోయాక పందిట్లో తిరుగుతున్నట్టుంది.

ఇంతకీ నా ప్రశ్న: 1056 ఎక్కడ, 1009 ఎక్కడ? అదే పిస్టల్, అదే డబ్బా. వాళ్ల మెషీన్ తప్పనుకోవడానికి లేదు, మా స్క్వాడ్‌లో మిగతా అందరూ పాసయ్యారు. ఆ 47 అడుగులు ఎక్కడికి పోయాయి?

ఓరుగల్లు రివాల్వర్:

తమ్మీ, నువ్వు రాసిందంత సదివిన. ఫస్టు నీ మధ్యాహ్నం సంగతి జెప్పు. ఆగస్టుల, టెక్సాస్ ఎండల, ఆ డబ్బా ఎక్కడ వెట్టినవ్? బల్ల మీద ఎండకు వెట్టినవా? నేను ఫీనిక్స్‌ల ఉంట. ఇక్కడ ఎండల వెట్టిన తూటా పట్టుకుంటే చెయ్యి కాలుతది. పౌడర్ వేడెక్కితె శానా వాటికి ప్రెషర్ పెరుగుతది, స్పీడు పెరుగుతది. సల్లవడితె తగ్గుతది. కొన్ని పౌడర్లు ఉల్టా గూడ జేస్తయి, అది వేరే కత. నువ్వు ఎండల కొలిచి చలిల ఆడినవ్. గంతే.

ఇంకో మాట. నాది .38 స్పెషల్ రివాల్వర్ తూటా. ఆ కేసు పొడుగు ఎక్కువ, ఎందుకంటె పాత నల్ల తుపాకిమందు కాలంల పుట్టిన కేసు అది. ఇప్పటి పౌడర్ పోస్తె అడుగుకే ఉంటది, పైనంత ఖాళీ. మూతి కిందికి వంచి మెల్లగ లేపి కాలిస్తె పౌడర్ బుల్లెట్ దిక్కుంటది, స్పీడు తక్కువ వస్తది. మూతి పైకి లేపి మెల్లగ దించి కాలిస్తె ప్రైమర్ దిక్కుంటది, ఎక్కువ వస్తది. ఒక్క డబ్బల తూటాలే, నాకు యాభై అరవై అడుగుల ఫరక్ వచ్చింది. 9 ఎంఎం కేసు సిన్నది గాబట్టి గంత ఉండదు గని, బల్ల మీద కూసోని ఒక్క తీరుగ కాల్చినవా, హోల్‌స్టర్‌ల నుంచి తీసి కాల్చినవా, అది గూడ సూస్కో.

తెనాలోడు:

అన్నా, నిజం ఒప్పుకుంటున్నా. డబ్బా బల్ల మీదే ఉంది, ఎండలోనే. మూత కూడా తీసే ఉంది.

నిర్వాహకుడు:

చర్చ బాగుంది. ఒక్క మనవి: ఎంత పౌడర్ పోశారు, ఏ పౌడర్ అన్నది ఇక్కడ ఎవరూ రాయొద్దు, ఎవరినీ అడగొద్దు. పౌడర్ కంపెనీలు, బుల్లెట్ కంపెనీలు అచ్చేసిన మాన్యువల్స్ ఉన్నాయి, అవే ప్రమాణం. ఒకరి పిస్టల్‌లో సరిపోయింది ఇంకొకరి చేతిలో పేలిపోవచ్చు.

ఇంకొకటి, కొత్తగా రీలోడింగ్ మొదలుపెట్టినవాళ్లకి: క్రోనోగ్రాఫ్ వేగాన్నే చెబుతుంది, లోపలి ప్రెషర్‌ని చెప్పదు. కానీ మాన్యువల్‌లో ఇచ్చిన వేగం కన్నా మీకు బాగా ఎక్కువ వస్తుంటే, ఆ వేగం ఊరికే రాదు, ప్రెషర్ ఇస్తేనే వస్తుంది. ఆగి చూసుకోండి. అలాగే శబ్దం చప్పగా వచ్చి క్రోనో మీద అంకె పడకపోతే బ్యాటరీ అయిపోయిందనుకోకండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. రెండోది కాల్చకుండా ముందు బ్యారెల్ విప్పి చూడండి.

విశాఖ సిగ్మా:

తెనాలి తమ్ముడూ, నేను ఆస్టిన్‌లో ఉంటాను, ఉద్యోగం స్టాటిస్టిక్స్, ఆదివారాలు పిస్టల్. నీ పోస్టులో నాకు అన్నిటికన్నా కళ్లకి కొట్టింది ఆ ‘స్టాండర్డ్ డీవియేషన్ 7’. ఐదు తూటాల మీద!

ఐదు అంకెల నుంచి వచ్చిన డీవియేషన్‌కి 95 శాతం నమ్మకంతో హద్దులు వేస్తే, అసలు విలువ నువ్వు చూసినదానికి 0.6 రెట్ల నుంచి 2.9 రెట్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే నీ 7 నిజానికి 4 కావచ్చు, 20 కావచ్చు. పది కాలిస్తే ఆ హద్దు 0.7 నుంచి 1.8. ఇరవై కాలిస్తే 0.76 నుంచి 1.46. ఇరవైకి కూడా అంత వెడల్పే ఉంటుంది చూడు. ఐదు కాల్చి ‘నా తూటాల డీవియేషన్ సింగిల్ డిజిట్’ అని రాసుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

సగటు మాత్రం కొంచెం నయం, త్వరగా కుదురుకుంటుంది. కానీ మ్యాచ్‌లో నిన్ను తేల్చేది మూడు తూటాల సగటు. నీ అసలు డీవియేషన్ 15 అనుకో, మూడింటి సగటు అటూ ఇటూ దాదాపు 9 అడుగులు ఊగుతుంది. ఫ్యాక్టర్‌లో ఒక పాయింటు పైనే. అదృష్టం బాగోని రోజు రెండు పాయింట్లు. చలి వాటా, మెషీన్ వాటా, బుల్లెట్ బరువు వాటా దీనికి పైన.

బరువు సంగతి కూడా చూడు. డబ్బా మీది అంకె పేరు లాంటిది, తూకం కాదు. ఒక నలభై బుల్లెట్లు తూచి ఆ అంకెలు ఇక్కడ పెట్టు. నువ్వు ఆ చివరి తూటా ఊడదీయించడం తప్పో ఒప్పో నేను లెక్క కట్టి చెబుతాను.

కొత్తగా వచ్చా:

అన్నలూ, చదువుతుంటే నాకూ మొదలుపెట్టాలనిపిస్తోంది. నేను హెచ్ 1 బీ మీద ఉన్నా. ప్రెస్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుందా?

నిర్వాహకుడు:

ఆగు తమ్ముడూ. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. ఆ చట్టంలో ‘తూటాలు’ అంటే ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ కూడా అవే లెక్క. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఒక మినహాయింపు ఉంది, ఇంకా కొన్ని ఉన్నాయి. ఏదైనా కొనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు. మా మాట మీద మాత్రం కొనకు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం వర్తించదు.

మూడు కళ్ల ముసలాయన:

అబ్బాయీ, ఎండా చలీ అంటున్నారు, నిజమే. కానీ 47 అడుగులు మొత్తం చలి నెత్తిన రుద్దితే చలి కూడా ఏడుస్తుంది. నీ మెషీన్‌ని అడుగు.

ఆప్టికల్ క్రోనో పని చేసే తీరు తెలుసుకుంటే నీకే అర్థమవుతుంది. మొదటి కన్ను మీద బుల్లెట్ నీడ పడగానే గడియారం మొదలు, రెండో కన్ను మీద పడగానే ఆపు. వెయ్యి అడుగుల వేగంతో పోయే బుల్లెట్ రెండడుగులు దాటడానికి పట్టేది రెండు మిల్లీసెకన్లు. గడియారం క్రిస్టల్‌ది, అది తప్పదు. తప్పేది ఆ ‘రెండడుగులు’ అన్న మాట. అది కొలిచినది కాదు, మెషీన్ నమ్మినది. అరంగుళం తేడా ఉంటే రెండు శాతం, అంటే నీకు 20 అడుగులు. ఇంకా ఎండ ఒక పక్క నుంచి పడితే బుల్లెట్ కింద మెరుపు వచ్చి కన్ను ఒకసారి ముందు, ఒకసారి వెనక చూస్తుంది. గదిలో ట్యూబ్‌లైటు మినుకుమినుకులూ అంతే. ఆరడుగులు అన్నావు, అది దగ్గర. మూతి నుంచి వచ్చే గ్యాసూ, కాలని పౌడర్ రవ్వలూ బుల్లెట్‌తో పాటే వచ్చి కన్నుని మోసం చేస్తాయి. పది అడుగులన్నా ఉండాలి.

నా దగ్గర ముప్పై ఏళ్ల నాటి ఓహ్లర్ 35పి ఉంది, ఆస్టిన్‌లో డాక్టర్ కెన్ ఓహ్లర్ చేసినది. దానికి కళ్లు మూడు. ఒకే బుల్లెట్‌ని రెండు జతలతో రెండుసార్లు కొలిచి రెండు అంకెలూ కాగితం మీద అచ్చేస్తుంది. రెండూ కలవకపోతే ఆ అంకె నమ్మొద్దని అర్థం. మెషీన్ తనని తానే అనుమానించుకోవడం అనే ఆ గుణం నాకు మనుషుల్లో కూడా పెద్దగా కనపడలేదు.

సరే, పాత మనిషిని కదా, ఒక పాత కథ. బుల్లెట్ వేగాన్ని మొదటిసారి పద్ధతిగా కొలిచి పుస్తకం వేసినది బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన, 1742లో. బరువైన చెక్క దిమ్మని ఉయ్యాలలా వేలాడదీసి దాని మీద కాల్చాడు. దిమ్మ ఎంత ఊగిందో రిబ్బనుతో కొలిచి వేగం లెక్క కట్టాడు. అప్పటిదాకా లోకం అనుకున్నదానికన్నా గాలి బుల్లెట్‌ని ఎంతో ఎక్కువగా ఆపుతుందని తేల్చింది ఆయనే. తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేసే పని మీద మన వైపే వచ్చి, కడలూరు పక్కన సెయింట్ డేవిడ్ కోటలో 1751లో జ్వరంతో పోయాడు. ఆ ఉయ్యాల తర్వాత వందేళ్లు దాటాక బెల్జియంలో ల బులాంజే తీగలు తెంపే క్రోనోగ్రాఫ్ తెచ్చాడు. ఇప్పుడు నువ్వు జేబులో పట్టే రాడార్ కొనుక్కోవచ్చు. అందరి బాధా ఒక్కటే, దూరమూ కాలమూ.

ఇక అసలు ప్రశ్న. నీ క్రోనోని ఎప్పుడైనా నువ్వే కాల్చావా? సిగ్గుపడకు, అందరం కాల్చాం.

తెనాలోడు:

బాబాయ్‌గారూ, మీకు ఎలా తెలిసిందండీ బాబూ.

కిందటేడు ఉగాది వారంలో ఒక తూటా కాస్త కిందకి పోయి రెండో కన్ను ప్లాస్టిక్ క్లిప్పుని ఎగరగొట్టింది. కన్ను బాగానే ఉంది. క్లిప్పు ముక్కలు ఏరి జిగురు పెట్టి నేనే అతికించా. ఆన్ చేస్తే అంకెలు వచ్చాయి, ఇంకేం కావాలి అనుకున్నా. టేపు పెట్టి చూడలేదు. ఇప్పుడే గరాజ్‌కి వెళ్తున్నా.

తెనాలోడు:

23 అంగుళాల ఐదు ఎనిమిదోవంతులు. నోటితో చెప్పాలంటే, 24కి ముప్పావు అంగుళంలో సగం తక్కువ. మూడుసార్లు కొలిచా. తమ్ముడి చేత కూడా కొలిపించా.

మూడు కళ్ల ముసలాయన:

దూరం తగ్గితే బుల్లెట్ త్వరగా దాటుతుంది. మెషీన్‌కి దూరం తగ్గినట్టు తెలియదు కాబట్టి వేగం ఎక్కువనుకుంటుంది. 24ని 23.625తో భాగించు: 1.016. నీ ప్రతి అంకెలోనూ పదహారు పదిహేడు అడుగులు ఉత్తవి. ఇప్పుడు చలి వాటాని విడిగా తేల్చు. ఎవరి దగ్గరన్నా రాడార్ అడిగి తెచ్చుకుని, రెండూ ఒకేసారి పెట్టి, అవే బుల్లెట్లని రెండింటితో కొలువు. ఒకటి గుర్తుంచుకో, రాడార్ మూతి దగ్గరి వేగానికి వెనక్కి లెక్కగట్టి చూపిస్తుంది. ఆప్టికల్ అది ఉన్న చోటి వేగం చూపిస్తుంది. 9 ఎంఎంకి ఈ వేగాల్లో అడుగుకి దాదాపు ఒక అడుగు చొప్పున తగ్గుతుంది.

గచ్చిబౌలి పది మీటర్లు:

నమస్తే అన్నా. మాకు రీలోడింగ్ లేదు, నాది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, హైదరాబాద్ యూనివర్సిటీ రేంజిలో ప్రాక్టీస్. కానీ క్రోనో మాకూ పనికొస్తుంది. 4.5 ఎంఎం పెల్లెట్, సెకనుకి 150 మీటర్ల అటూ ఇటూ. సిలిండర్‌లో 200 బార్ నింపుకుంటాం, లోపల రెగ్యులేటర్ దాన్ని తగ్గించి ప్రతి షాట్‌కీ ఒకేలా ఇస్తుంది. సిలిండర్ ప్రెషర్ రెగ్యులేటర్ సెట్టింగ్ కన్నా కిందకి దిగాక వేగం పడిపోవడం మొదలవుతుంది. టార్గెట్ కార్డు మీద షాట్లు కిందకి జారుతుంటే నా ట్రిగ్గర్ తప్పేమో అని వారం రోజులు ఏడ్చాను. కోచ్ సార్ క్రోనో తెచ్చి పెట్టి పది షాట్లు కొట్టించారు, అంకెలు మెట్లు దిగినట్టు దిగాయి. గేజ్ అంకె కన్నా క్రోనోకి ముందు తెలిసింది. మీది చదివాక మా క్రోనోకి కూడా టేపు పెట్టి చూశా. బాగానే ఉంది.

తెనాలోడు:

ఆలస్యానికి క్షమించాలి, పని ఒత్తిడి. నిన్న ఆదివారం మొత్తం దీనికే పెట్టాను.

స్నేహితుడి గార్మిన్ రాడార్ తెచ్చుకున్నా. అరచేతిలో ఇమిడిపోతోంది, బల్ల మీద పెట్టి మూతి పక్కగా చూపిస్తే చాలు, ముందు ఏమీ నిలబెట్టక్కర్లేదు, కాబట్టి కాల్చుకునే ప్రమాదమూ లేదు. నా అతుకు క్రోనోని కూడా ఆరడుగుల దగ్గర ఆగస్టులో పెట్టినట్టే పెట్టా. అదే రెండు వేల డబ్బాలోంచి నలభై తూటాలు. ఇరవై తూటాలు ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టా. మా ఆవిడ పొద్దున దోశల పిండి గిన్నె తీయబోయి పక్కన తూటాల డబ్బా చూసి ఏమందో ఇక్కడ రాయలేను, నిర్వాహకుడుగారు తీసేస్తారు. ఇంకో ఇరవై ఇంట్లో 23 డిగ్రీల దగ్గర. రెండిటినీ తువ్వాళ్లలో చుట్టి వేర్వేరు ఐస్ బాక్సుల్లో తీసుకెళ్లా, ఒక్కో తూటా తీసి వెంటనే కాల్చా. ఛాంబర్ వేడెక్కితే తూటా అందులో వేడెక్కుతుందని మధ్యలో ఆగుతూ కాల్చా.

చల్లవి, 4 డిగ్రీలు: రాడార్ సగటు 1018.
ఇంటివి, 23 డిగ్రీలు: రాడార్ సగటు 1029. అవే తూటాలు నా ఆప్టికల్ మీద 1040.

ముసలాయనగారి లెక్క వేసి చూశా. రాడార్ 1029, ఆరడుగులు పోయేసరికి 1024 అనుకుంటే, దాన్ని 1.016తో గుణిస్తే 1040. అంకెకి అంకె దిగింది. గరాజ్‌లో ఒక్కడినే కూర్చుని చప్పట్లు కొట్టుకున్నా.

చలి సంగతి: 19 డిగ్రీలకి 11 అడుగులు, అంటే డిగ్రీకి అర అడుగు పైచిలుకు. ఆగస్టులో ఎండలో మూత తీసిన డబ్బా ఎంత వేడెక్కిందో నాకు తెలియదు, 45 అనుకుంటే మ్యాచ్ పొద్దుటికి అదొక్కటే 24 అడుగులు. జిగురు వాటా 16, 17. నేను ఆరడుగుల దగ్గర, వాళ్లు ఇంకా దూరంలో పెట్టారు కాబట్టి అదొక నాలుగు. మొత్తం 45 దాకా వచ్చింది. మిగిలిన రెండూ ఐదు తూటాల అదృష్టం అనుకుంటున్నా. రివాల్వర్ అన్నా, ముసలాయనగారూ, ఇద్దరూ గెలిచారు.

సిగ్మా అక్కా, ఇరవై తూటాల మీద డీవియేషన్ 9 వచ్చింది. నలభై బుల్లెట్లు తూచాను. ముందు త్రాసుని దానితో వచ్చిన చెక్ వెయిట్‌తో సరిచూసుకున్నా, ఇక ఏ అంకెనీ ఊరికే నమ్మే ఉద్దేశం లేదు. సగటు 123.1. అన్నిటికన్నా తక్కువ 122.3, ఎక్కువ 124.0. డబ్బా మీది 124 దాకా వచ్చినది నలభైలో ఒక్కటే! 123.3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవి పదమూడు.

విశాఖ సిగ్మా:

శభాష్. ఇప్పుడు నీ చివరి తూటా.

కాల్పించి ఉంటే: ఎక్కువ వచ్చిన మూడింటిలో 1019, 1013 ఉంటాయి, 1011 స్థానంలో కొత్తది రావాలి. 122.9 బరువుతో 125 దాటాలంటే ఆ ఒక్కటీ కనీసం 1019.3 రావాలి. నీ ఆరు తూటాల సగటు 1008.7, డీవియేషన్ 7.3. ఆరింటిలో ఒక్కటి కూడా అంత రాలేదు. ఉదారంగా లెక్క కట్టినా పదిలో ఒక వంతు అవకాశం.

ఊడదీయిస్తే: నీకు 123.3 కావాలి. నీ నలభైలో పదమూడు అలాంటివి. మూడింట ఒక వంతు.

నువ్వు చేసింది సరైన పనే. పాచిక పడలేదు, అంతే. ఇంక ఆ రోజు తలుచుకుని నిద్ర పాడుచేసుకోకు.

ఓరుగల్లు రివాల్వర్:

అక్క జెప్పినంక ఇంకేముంది. తమ్మీ, ఇప్పుడు ఆ రెండు వేల తూటాలు ఏం జేస్తవ్?

తెనాలోడు:

నలభై పోయాయి, మిగిలినవి లోకల్ ప్రాక్టీస్‌కి అన్నా, అక్కడ క్రోనో పెట్టరు. పెద్ద మ్యాచ్‌కి కొత్త బ్యాచ్ వేస్తున్నా. మాన్యువల్ హద్దు ఇంకా పైనే ఉంది కాబట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఫ్రిజ్‌లో పెట్టిన తూటా రాడార్ మీద 1060 వచ్చేచోట ఆగుతా. 123.1తో గుణించి, దూరానికి తొమ్మిది పది అడుగులు తీసేసినా 129 మిగులుతుంది. ఎండాకాలంలో ఇదే తూటా ఎంత పైకి పోతుందో కూడా కొలిచాకే బ్యాచ్ మొత్తం నింపుతా, హద్దు దాటకూడదు కదా.

ఆప్టికల్‌కి కొత్త క్లిప్పు ఆర్డర్ పెట్టా, ఎనిమిది డాలర్లు. ఫ్రిజ్ విషయంలో మాత్రం ఇంటి నిర్వాహకురాలి తీర్పు వచ్చేసింది. గరాజ్‌కి వేరే చిన్న ఫ్రిజ్ కొనాలట, అందులో పై అర ఆవిడ నిమ్మకాయలకి. వాడిన ఫ్రిజ్ ఎవరైనా అమ్ముతుంటే, ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల, చెప్పండి.